పదకొండో బ్లాకు, పెటవావా

ముందు బూజు గీకాం.
మూడు రంగుల పొరల కింద
ఎవడో మేకుతో చెక్కుకున్న రోజుల లెక్క,
నలభై ఒకటి దగ్గర ఆగిపోయింది.
దాని మీద బ్రష్ పెట్టడానికి చెయ్యి రాక
బీరువా అటు జరిపాను.

నలుగురు ఇరుక్కున్న గది ఇప్పుడు ఒక్కడిది.
తాళంచెవి చేతిలో పెడితే
పందొమ్మిదేళ్ల దుగాస్
తలుపు వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు.
లోపల్నుంచి నవ్వు.
సార్జెంటంతటివాడు కూడా
ఇక తలుపు తట్టి రావాలట!

పొయ్యి కోసం మాత్రం పదకొండేళ్ల అర్జీలు.
పెళ్లికానివాళ్లకు మెస్సు చాలదా అన్నారు.
చివరికి వచ్చింది,
అంతస్తుకొక్క కరెంటు పొయ్యి.

ఆ రాత్రే పన్నెండింటికి
దుగాస్ ఉల్లిపాయలు మాడ్చాడు.
సైరన్.
బాయిలర్ దగ్గరున్న నేను పరిగెత్తుకొచ్చేసరికి
వరండా వరండా అంతా మంచులో నిలబడుంది:
వట్టికాళ్లు, కంబళ్లు, ఒక గిటారు.
తిట్లు పడతాయనుకున్నాను.
సిగ్నల్స్ పిల్ల మిరెయ్
ముక్కెగరేసి గాలి పీల్చి అడిగింది:
"ఇంకా మిగిలాయా?"

జేబులోని చీటీ మీద రాసుకున్నాను:
పొగగొట్టం, రేపే.
ఇంకో పెద్ద మూకుడు.
దీనికి అర్జీ పెట్టను.