కీళ్ల నూనె

జుల్మీరా అవ్వ వాకిట్లో
బీరు సీసా సగానికి నిండి ఉంది.
మూతకి గుడ్డపీలిక. లోపల పల్చటి పసుపు.
చేపనూనె కాదు, కొబ్బరినూనె అసలే కాదు.
"సముద్రం పంపిస్తుంది," అంది మోకాలికి మర్దనా చేసుకుంటూ.
"దక్షిణపు గాలి తిరిగిందంటే ఒడ్డంతా ఇవే,
వేలెడేసి గొట్టాలు.
మా వాల్దెసిర్ పళ్లతో కొరికి తెరుస్తాడు."

పళ్లతో.

సాల్వడార్ నుంచి రెండు బస్సులు మారి
నేనొచ్చింది ఇలాంటి మాట రాసుకోవడానికే.
గ్లౌజులు తెచ్చాను, జల్లెడ తెచ్చాను, నలభై ఫారాలు.
రాసుకోలేదు.

ఇసుకలో పుల్లతో గీశాను:
ఒకే వరసలో మూడు గదుల ఇల్లు,
గదికి ఆరేసి మూలలు,
నడిమి గదికి అటొక వసారా, ఇటొక వసారా.
పేరు డైఫినైల్ ఆంత్రసీన్.
పుట్టిల్లు తారుపీపా అడుగు.
"అంటే బొగ్గు నుంచా, ఈ తెల్లటి గొట్టం?"
బొగ్గు నుంచే అవ్వా.
నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ
దీనికి రెండూ లేవు.
పక్కన రెండు మందులు కొట్టుకుంటుంటే
ఎగసిన ఉద్రేకాన్ని ఒక్క క్షణం ఒళ్లోకి తీసుకుని
నీలంగా దించేస్తుంది.

ఎక్కడో, ఒడ్డుకి ఆనని ఓడలు
మైళ్ల పొడవు గేలపుతాడుకి వీటిని వేలాడదీస్తాయి.
కత్తిచేప ఎరనుకుని వస్తుంది.
తెల్లారాక గొట్టం ఎవరికీ అక్కర్లేదు.

ఆ నూనెలో ఇంకేం కలుస్తాయో చెప్పాను.
చర్మం అన్నాను, కాలేయం అన్నాను.
నా గొంతులో కాంపౌండరు గొంతు
నాకే వినిపించింది.
"యాభై రెండేళ్లు మడ బురదలో పీతలు తవ్వాను," అంది.
"నీ దగ్గర వేరే నూనె ఉందా?"

లేదు.

చీకటి పడ్డాక వాల్దెసిర్ ఒకటి తెచ్చాడు,
ఓడవాళ్లు వాడకుండానే పారేసింది.
వంచాను. లోపల గాజు పుటుక్కుమంది.
అవ్వ చేతులు ఎవరివో చేతులైపోయాయి,
గోళ్ల కింద బురదతో సహా నీలం.
తిప్పి తిప్పి చూసుకుంది.
"అయ్యో," అంది,
"చేప చివరిసారి చూసేది ఇదా."

గూట్లో, జాలరుల దేవుడు సావ్ పేద్రో బొమ్మ పక్కన పెట్టింది.
వల ఉయ్యాలలో నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఆ గొట్టం తెచ్చి
నా చెవి దగ్గర ఊపింది.
"ఇంక వెలగట్లేదుగా,
ఇప్పుడు రాసుకోవచ్చా?"