బూడిద బండి మీద ఫిర్యాదు

మూడు వారాలు బండి రాలేదు.
గేటు పక్కన బూడిద బస్తాలు పదకొండయ్యాయి.
మీద మంచు పడి, పొయ్యి వేడికి కాస్త కరిగి, మళ్లీ గడ్డకట్టి
పదకొండూ కలిసి ఒకే బస్తా అయ్యాయి.

ఉలాన్‌బాతర్ ఉత్తరాన, కొండ వాలు మీద మా వీధి.
కింద నగరానికి మా పొగ కనిపిస్తుంది, మేం కనిపించం.
అయితే నాకు ఉత్తరం రాయడం చేతనవును.
ఇరవై ఆరేళ్లు మూడో తరగతి పిల్లలకు
కామా ఎక్కడ పెట్టాలో నేర్పినదాన్ని.

రాశాను:
"మీ మనుషులు సోమరులు.
వాలు కింద నిలబడి హారన్ కొడతారు,
మేం బూట్లు తొడుక్కునేలోపు మాయమవుతారు."
సోమరులు అన్న మాట కింద గీత గీశాను.
స్కేలు పెట్టి గీశాను.

కిటికీ వెనక అమ్మాయి
గోళ్ల రంగు అంటకుండా వేళ్లు చాపి ముద్ర వేసింది.
"మీది నాలుగు వందల పన్నెండు, టీచరుగారూ.
పది రోజుల్లో జవాబు వస్తుంది."

తొమ్మిదో రోజు సాయంత్రం.
చలి మైనస్ ముప్పై. పొగ కిందికి దిగి
ఎదురింటి కంచెను కూడా మింగేసింది.
"కుక్కను పట్టుకోండి!"
గేటు అవతల నుంచి కేక.
మా దగ్గర ఏ గుమ్మం ముందైనా మొదటి పలకరింపు అదే,
కుక్క ఉన్నా లేకున్నా.
మా కుక్క నిరుడే పోయింది.
"పట్టుకున్నాను, రండి" అన్నాను.

జవాబు వచ్చింది.
కాగితం కాదు, మనిషి.
గడప తొక్కకుండా వంగి లోపలికొచ్చాడు.
పేరు బ్యాంబదోర్జ్ అన్నాడు.
టోపీ తీస్తే నుదుటి మీద సరిహద్దు:
పైన చర్మం, కింద బూడిద.
స్కేలు పెట్టి గీసినట్టుంది.

"నాలుగు వందల పన్నెండు మీరేనా?"
మడతలు విప్పి నా ఉత్తరం నా ముందే పెట్టాడు.
అక్షరాలు నావి, వేలిముద్రలు అతనివి.
అడుగున రెండు గళ్లు: సంతృప్తి, అసంతృప్తి.
"మీ సంతకం పడితేనే ఈ నెల జీతం మొత్తం ఇస్తారట."
బతిమాలినట్టు అనలేదు.
బస్సు ఎన్నింటికో చెప్పినట్టు అన్నాడు.

ఉప్పు వేసిన పాల టీ పోసిచ్చాను.
"మరి పైకి ఎందుకు రారు?"
"వచ్చాం. నవంబరులో.
సగం ఎక్కాక బండి వెనక్కి జారింది.
దషీ దూకి, చక్రం కింద రాయి పెట్టబోయాడు."
టీ ఊదుకున్నాడు. చాలాసేపు ఊదుకున్నాడు.
"ఇప్పుడెలా ఉన్నాడు?"
"ఒక కాలు బాగానే ఉంది."

ఇరవై ఆరేళ్లు ఎర్ర సిరాతో ఊరందరి పిల్లలనూ దిద్దాను.
ఆ మాట ఒక్కటి కొట్టేయబోతే
చెయ్యి అడ్డం పెట్టాడు.
"కొట్టివేతలుంటే కాగితం చెల్లదు, టీచరుగారూ.
అలాగే ఉండనివ్వండి."
ఉండనిచ్చాను.
సంతృప్తి గడిలో టిక్కు పెట్టాను.
పైన సోమరులు, కింద సంతృప్తి:
నా పేరు మీద అంత తెలివితక్కువ కాగితం ఇంకోటి లేదు.

వెళ్తూ గునపం అడిగాడు.
రెండు బస్తాలు విడగొట్టి, భుజానికెత్తుకుని,
పక్కవాటుగా అడుగులేస్తూ దిగిపోయాడు.
కింద ఎక్కడో ఆపని ఇంజను దగ్గుతోంది.
తొమ్మిది మిగిలాయి.

ఆ రాత్రే ఇంకో ఫిర్యాదు రాశాను:
వాలు మీద, మంచు మీద,
ఇసుక చల్లాల్సిన శాఖ మీద.
ఈసారి దేనికిందా గీత గీయలేదు.

జవాబు మే నెలలో వచ్చింది.
ఈసారి కాగితమే. గుండ్రటి నీలం ముద్ర.
"తమరి ఫిర్యాదు అందినది, పరిశీలించడమైనది.
తనిఖీ జరిపిన నాటికి, సదరు వాలుపై, మంచు కానరాలేదు.
కావున, సమస్య పరిష్కారమైనట్లు భావించడమైనది."

రెండుసార్లు చదివాను.
కామాలన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి.
రాసినవాళ్లెవరో
నా దగ్గర చదువుకున్నవాళ్లే అయ్యుంటారు.