బాలసముద్రంల టులెట్

కొమురెల్లి బండి కాడ బజ్జీలు కట్టిచ్చిన కాయితం
తినుడయినంక చదువుడు నాకు అలవాటు.
పైసలు పెట్టి పేపరు కొననోనికి
నూనె పట్టిన పేపరే లోకజ్ఞానం.
పగలంత ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాల లెక్క రాసి
తుమ్మి తుమ్మి ఖాళీ అయిన తలకాయకు
పొద్దూకినంక ఇంత సైన్సు ఎక్కితే మంచిదే గద.

నిన్నటి కాయితంల ఆక్టోపస్ ఉన్నది.
దానికి మూడు గుండెలట. నెత్తురు నీలమట.
ఈదేటప్పుడు అండ్ల ఒక గుండె ఆగుతదట,
అందుకే ఈదుడు కంటె పాకుడే నయమనుకుంటదట.
ఇది కనిపెట్టినాయన పేరు నూనెల మునిగింది.

నవ్వుకుంట స్వరూపకు చెప్పిన.
"అయితే బీపీ గోలీలు పూటకు మూడా?" అన్నది.
మెడికల్ షాపుల పని జేస్తది,
లోకాన్ని స్ట్రిప్పుల లెక్కన చూస్తది.

రాత్రి నిద్ర పట్టలే.
కండ్లు మూస్తే ఏం కనబడ్డదంటే,
ఆ ఆక్టోపస్ ఎవలో చెప్తె ఇని
హన్మకొండల బాలసముద్రం ఉన్నదని నమ్మి
కాజీపేటల రైలు దిగింది.
ఆటో ఆయన ఎనిమిది చేతులు లెక్కవెట్టి
నలుగురి కిరాయి అడిగిండు.
బాలసముద్రంల అన్నీ ఉన్నయి,
కోచింగ్ సెంటర్లు, కండ్లద్దాల దుకాన్లు, పండ్ల డాక్టర్లు.
సముద్రమొక్కటే లేదు.

సరే, వచ్చినంక ఉండాలె గద.
టులెట్ బోర్డు చూసి గేటు కొట్టింది
మర్యాదగ, ఒక్క చేతితోనే.
వైకుంఠం సారు బయటికొచ్చిండు.
మూడు గుండెల సంగతి అడగలే.
ఒంట్ల ఎముకలెందుకు లేవో అడగలే.
"మీరేమోల్లు?" అన్నడు.
"నీళ్ళోల్లం సార్."
"అది గాదు. నీళ్ళల్ల ఏమోల్లు?"
దానికి సమజ్ కాలే.
"నెత్తురైతే నీలం సార్" అన్నది, పనికొస్తదేమోనని.
సారు మొఖం మారింది.
ఆ రంగు జెండాలు ఏప్రిల్ నెలల
చౌరస్త కాడ చూసిండు మరి.
"నీచు తింటరా?"
"పీతలు సార్. ఎప్పుడన్న ఒకపారి."
"నీళ్ళు పొద్దుగాల గంట సేపే ఇడుస్తం.
అయినా ఇల్లు నిన్ననే అయిపోయింది."
ఆయన ఎనుక బోర్డు
గాలికి ఇంక ఊగుతనే ఉన్నది.

గేటు ముంగట ఒక గుండె ఆగింది.
మిగిలిన రెండు పట్టుకొని
అది హంటర్ రోడ్డు దిక్కు పాకవట్టింది.

నాకున్నది ఒక్కటే గుండె.
నయీంనగర్ల ఏడు గేట్లు, కిషన్‌పురల నాలుగు,
వడ్డేపల్లి కట్ట కింద ఎన్నో లెక్క మర్శిన.
ఎట్ల ఆగకుంట వచ్చిందో,
దీని మీద ఎవలన్న పరిశోధన జేస్తె బాగుండు.

కాయితంల ఇంకో ముచ్చట సుత ఉన్నది.
ఆక్టోపస్ ఏ బండకు ఆనుకుంటే ఆ రంగుల కలుస్తదట.
గిదొక వింతనా?
మూడేండ్ల కింద ఈ ఇంటి ఓనరమ్మ అడిగినప్పుడు
"అయ్యో, మేం గుడ్డు సుత ముట్టమమ్మా" అన్నది స్వరూప.
పక్కన నిలవడ్డ నాకే నమ్మబుద్ధయింది.
అప్పటికెల్లి ఆదివారం ఎండుచాపలు ఏంచాలంటే
కిటికీలు మూసుడు,
ఊదుబత్తులు అరడజను ముట్టిచ్చుడు,
టీవీల భజన పెద్దగ పెట్టుడు.
"ఎంత భక్తి బిడ్డా నీకు!" అని
ఓనరమ్మ మెట్ల మీదికెల్లి మెచ్చుకుంటది.
లోపట పెనం మీద చాప చిటపటమంటది.
మేమిద్దరం గోడ రంగుల ఉంటం.

పొద్దుగాల లేశి కాయితం మల్ల చూసిన.
ఆఖరు లైను ఇట్లున్నది:
"దీన్నిబట్టి శాస్త్రవేత్తలు తేల్చిందేమిటంటే, ఈ ప్రాణి"
అక్కడ మిరపగింజ అతుక్కున్నది.
గోరుతోని గీకిన. గింజతోని అక్షరాలు సుత ఊడొచ్చినయి.

కొమురెల్లిని అడగాలె,
అవుతలి ముక్కల ఎవలికి కట్టిండో.
వాళ్ళు చదివిన్రో,
చేతులు తుడుచుకున్నరో.