బెరడు

ఎవొరాలో డాక్టర్ గ్రాసా గది గోడకు
చెవులే కాదు, నోరు కూడా ఉండేది.

పోయిన చలికాలం రొట్టెల కొట్టు దియొలిందా
లోపల గొంతు తగ్గించి అడిగిన మాట
బయట బెంచీ మీద ఏడుగురం విన్నాం.
ఏడుగురమూ బూట్లకేసి చూసుకున్నాం.
మర్నాడు ఆమె దగ్గర చిల్లర తీసుకుంటుంటే
నా చెయ్యి అక్కర్లేనంత మెత్తనైంది.
ఆమెకి తెలిసిపోయింది.
అప్పట్నుంచి రొట్టె కాగితంలో చుట్టి
తలెత్తకుండా ఇస్తుంది.

ఇప్పుడా గోడకి కార్క్ పలకలు అంటిస్తున్నాను.
తొమ్మిదేళ్లకోసారి ఒలిచే బెరడు ఇది.
ఒలిచిన ఏడాది చివరి అంకె
మాను మీద తెల్లరంగుతో రాస్తారు మావాళ్లు,
మళ్లీ గడువు దాకా ఎవరూ కత్తి పెట్టకుండా.
దియొలిందాకి ఏ అంకె రాయాలి?

తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ.
స్విచ్చిబోర్డు వెనక బోలు కూడా పూడ్చాను.
మాట దారం లాంటిది,
సూదిబెజ్జం చాలు దానికి.

ఆఖరి పరీక్ష. కుర్రాడు నేలియు బయట బెంచీ మీద.
లోపల నేను ఏదో ఒకటి గట్టిగా మాట్లాడాలి.
మామూలుగా కొలతల కాగితం చదువుతాను.
ఈసారి ఎందుకో రోగి కుర్చీలో కూర్చున్నాను.
ఎదురుగా డాక్టరు కుర్చీ, మీద ఇంకా ప్లాస్టిక్ కవరు.
మూడు నెలలుగా మూత్రంలో నెత్తురు పడుతోందని
దానికి చెప్పాను.
రెండోసారి, ఇంకాస్త గట్టిగా.

తలుపు తీస్తే
నేలియు నారింజ ఒలుచుకుంటున్నాడు.
"ఇంకా మొదలుపెట్టలేదా మేస్త్రీ?"