పదిహేడో నంబరు

మడికొండ షెడ్డుల ఎక్కిచ్చినప్పుడు అవి ఇండ్లు కావు,
తాళ్లతో కట్టిన గోడల కట్టలు.
ఒక్కో ట్రేలర్ మీద ఆరేసి ఇండ్లు
ఒకదాని మీద ఒకటి పండుకొని పోతున్నయి.
ములుగు దాటినంక వాన పలచబడ్డది.
పస్రా దాటినంక రోడ్డే పలచబడ్డది.

చింతమడుగు అని బోర్డున్నది.
బోర్డు ఒక్కటే ఉన్నది.
ఊర్లకెల్లి పోయిన వాగు
మళ్ల తన జాగల తాను పండుకున్నది, ఏమెరుగనట్టు.
పత్తి చేన్ల ఫ్రిజ్జు. కరెంటు తీగకు చీర.
బడి గోడకు మనిషెత్తు మీద బురద గీత.

నేను ఫిట్టర్ని.
మూలకు పన్నెండు బోల్టులు, నాలుగు మూలలు,
రబ్బరు పట్టీ, తలుపు, ఒక్కటే కిటికీ.
గంటన్నరల ఇల్లు లేస్తది.
మా ఇల్లు కట్టేటందుకు మా నాయనకు పదకొండేండ్లు పట్టింది,
స్లాబు పడకముందే ఆయన పోయిండు.
స్పానర్ తిప్పుతుంటే ఆ లెక్క
తలకు కాదు, చేతికి యాదికొస్తది.

పదిహేడోది కొంరవ్వ పేరు మీద రాసిండ్రు.
గౌసన్న క్రేన్ దించి కొక్కెం తీస్తుంటే
ఆమె అడ్డమొచ్చి నిలబడ్డది.
"అందరి వాకిండ్లు రోడ్డు దిక్కు పెట్టిండ్రు.
నాకొద్దు. నాది వాగు దిక్కు తిప్పు."
సూపర్‌వైజర్ నవ్విండు. "భయం కాదా అవ్వా?"
"మొన్న అది ఎనుకకెల్లి వచ్చింది.
ఎడ్లను ఇప్పుదామని పెరట్లకు పోయిండు మా ముసలాయన.
ఈ పాలి వస్తే
ముందుగాల నేను చూడాలె."

గౌసన్న నా దిక్కు చూసిండు.
కొక్కెం మళ్ల తగిలిచ్చిండు.
ఇల్లు గాలిలకు లేసింది, మెల్లగ తిరిగింది,
దాని నీడ బురద మీద తిరిగింది,
పిల్లలు మెడలెత్తి నోర్లు తెరిచిండ్రు.
మట్టి ఇల్లయితే ఎవలి మాట ఇంటది?

ఆ రాత్రి వాన.
రేకు మీద వాన వాగు లెక్క మోగింది.
ఇరవై నాలుగు తలుపులు ఒక్కపాలి తెరుసుకున్నయి,
పిల్లలను సంకలేసుకొని
జనమంత బయటకొచ్చి తడుసుకుంట నిలబడ్డరు.
అది ఒట్టి తుంపర.
ఆ సప్పుడుకు మా కంపెనీ కాయితంల మందు లేదు.
తెల్లారేసరికి కప్పుల మీద గోనె సంచులు, వరిగడ్డి.

కొంరవ్వ మాత్రం ఇంకా లోపలికే పోలే.
"గడపేది?"
బొమ్మల పుస్తకం తిరగేసిన.
ప్యానెళ్ల లెక్కున్నది, స్క్రూల లెక్కున్నది,
గడప లేదు.
పొద్దుగూకే ముందు ఆమె, కోడలు కలిసి
మక్కజేన్ల దొరికిన టేకు చెక్కొకటి మోసుకొచ్చిండ్రు.
పసుపు ఇంకా పూర్తిగ పోలే దానికి.
"మీదేనా?"
"కాదు. ఎవలన్న వచ్చి అడిగితే ఇచ్చేస్త."

నేను పోయేనాడు గోడ మీది రాత చూపిచ్చింది.
"ఏం రాసిండ్రు బిడ్డా?"
నీలి రంగు అచ్చు: తాత్కాలిక నివాసం, పదిహేడు.
"పదిహేడో నంబరు" అన్న.

ఆరు నెలలన్నరు. ఇది మూడో వానకాలం.
రిపేరు పని మీద మళ్ల పోయిన.
రబ్బరు పట్టీలు ఎండి పగిలినయి,
పన్నెండోదాంట్ల కిరాణం పెట్టిండ్రు,
ఇరవయ్యోదాంట్ల ఒక పెండ్లయింది,
ఆ గడపను ఎవలూ అడగలే.
కొంరవ్వ గోడకు సున్నం.

"మనుమరాలు బడికి పోతున్నది.
నువ్వు సగమే చదివినవట."
కోపంతోటి కాదు,
చాటల బియ్యం చెరుగుకుంట అన్నది.
ఇనుము మీద సున్నం నిలవదు.
వానొచ్చినప్పుడల్లా కారిపోతది,
నీలి అక్షరాలు మెల్లగ తేలుతయి,
ఆమె మళ్ల పూస్తది.
నిన్నటి వానకు ముందటి అక్షరమొక్కటే బయటపడ్డది.

నాలుగు మూలలు బిగిచ్చిన.
గడప దాటి బయట నిలబడితే
ఎదురుంగ వాగు, మోకాలు లోతు.
"సున్నం బకీటు ఏడున్నదవ్వా?"
అని అడిగిన.