నాలుగు మూలల చుక్క

మతొజీన్యుష్‌లో, ట్రాము మలుపు తిరిగే చోట
కింద నా టైర్ల షాపు,
పైన ఇల్డా అక్షరాల గది.
గుండ్రం సంగతి నాకు తెలుసనుకునేవాణ్ణి,
ఆవిడ మెట్లు దిగొచ్చి, కాగితం పరిచి
"వీటిలో ఏది గుండ్రం?" అని అడిగేదాకా.

రెండు బొద్దు గీతలు.
ఒకదాని కొస కొలిచి కోసిన అర్ధచంద్రం.
రెండోది కాస్త అణిగి,
గాలి తగ్గిన టైరు నేలకి ఆనినట్టు.
"రెండోదే," అన్నాను.
"మొదటిది సాసేజ్," అంది.
ఆ రోజు నుంచి సాయంత్రమయ్యేసరికి
ఒక అక్షరం నా కౌంటరు మీదికి దిగేది.

మున్సిపాలిటీ ఈతకొలనుకి కావాలట.
తడికాళ్ళతో పరిగెత్తే పిల్లలు
గోడ మీది మాటకి తగిలినా గీసుకోకూడదు.
అలాగని ఎవరూ చెప్పలేదు.
ఆవిడే అనుకుంది.

పని నేర్పినవాడు ఆడెలీను,
ప్లాస్టిక్ పలకల మీద డాక్టర్ల పేర్లు చెక్కేవాడు.
ఆయన యంత్రానిది ఆరు మిల్లీమీటర్ల ములుకు,
లోపలి మూల దానికి చచ్చినా రాదు.
"మూల కావాలంటే ఆకురాయి పట్టాలి,
కూలి వేరే," అనేవాడట.

లావు గీతలు కలిసేచోట చీకటి ముద్ద కడుతుంది,
ఎవరికీ తెలియకుండా అక్కడ ఒళ్ళు తగ్గించాలి.
'ఓ' పక్కవాళ్ళతో సమానంగా కనబడాలంటే
పైనా కిందా వెంట్రుకవాసి గీత దాటాలి.
సమానంగా ఉండటం వేరు, కనబడటం వేరు.
ఈ లెక్కన టైర్లు బిగిస్తే నన్ను జైల్లో వేస్తారన్నాను.

మా భాషలో రొట్టె మీద, చెయ్యి మీద, 'కాదు' మీద
ఒకటే అల కూర్చుంటుంది.
ఆ చిన్న అలకే మూడు వారాలు పట్టింది.

పేరు సైషు. అంటే గులకరాయి.

కొలను గోడ మీద మనిషెత్తున నిలబడింది,
నీలం మీద తెలుపు, దూరం నుంచే నోరారా పిలుస్తూ.
తర్వాత ఐస్‌క్రీం బండి ఎక్కింది.
కుక్కల షాంపూ. పసిపిల్లల సబ్బు.
మలబద్ధకం మాత్రలు.
బ్యాంకు అప్పుల పోస్టర్ మీద
వడ్డీ అంకె కూడా బుగ్గలు పూరించి నవ్వింది.

ఫిబ్రవరిలో, వాన రోజున,
మా దెయులిండా ఇరవై రెండేళ్ళు
సార్డీన్ తలలు కోసిన ఫ్యాక్టరీ గేటుకి
ఒక కాగితం అంటించారు.
'శాశ్వతంగా మూసివేత.'
సైషులో.
ఆఫీసు కంప్యూటర్‌లో అదే ఉందో,
మెత్తగా చెబుదామనుకున్నారో.
ఆడవాళ్ళు గొడుగుల కింద చాలాసేపు చదివారు.
"పుట్టినరోజు పిలుపులా ఉందిరా," అంది ఇంటికొచ్చి,
చేతులు కడుక్కుంటూ, ఇంకా కడుక్కుంటూ.

ఇల్డాకి నేనే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.
మూడు రాత్రులు పై గదిలో దీపం ఆరలేదు.
మూలలున్న అక్షరాలు గీసిందట,
ఒక్కటీ తన చేతిది కాదట.
నాలుగో రోజు పొద్దున్నే, కళ్ళు వాచి,
కౌంటరు మీద చుక్క పెట్టింది.
వాక్యం చివరి చుక్క.
చతురస్రం. నాలుగు మూలలూ పదును.
"ఇది ఆకురాయితో తీశాను," అంది.

కొత్త ప్రతి కొన్నవాళ్ళెవరూ గమనించలేదు.
ఒకడు మాత్రం రాశాడు: చుక్క పాడైంది, సరిచేయగలరు.

ఇప్పుడు దెయులిండా, ఇంకో ఇద్దరు
రేవు దగ్గర వేయించిన సార్డీన్లు అమ్ముతారు.
బండి మీద బోర్డు సైషే, డబ్బు కట్టకుండా దించుకున్నది.
చేపల పేర్లు బ్రహ్మాండంగా ఉన్నాయి.
ధరలు మాత్రం మరీ చిన్నగా వేయించింది,
బొద్దు అంకెల కడుపులు పూడుకుపోయి
ఎనిమిదో, ఆరో, తొమ్మిదో
ఇల్డాకే అంతుపట్టలేదు.
"ఎంత?" అని అడిగింది కళ్ళు చికిలించి.
మా ఆవిడకి నోరుంది కదా,
చెప్పింది.