ఒత్తు లేని మాట

కర్నూలు పెద్దాసుపత్రి ఐసీయూ, ఏడో పడక.
అరికాళ్లలో మొదలైన తిమ్మిరి
ఆరు రోజుల్లో గొంతుదాకా ఎక్కింది బజారప్పకు.
గొట్టం వేశాక మిగిలినవి రెండు రెప్పలు.
ఒకసారి ఆర్పితే ఔను, రెండుసార్లైతే కాదు.

వచ్చిన ప్రతిసారీ చెప్తాను:
నేనప్పా, సలోమిని. ఇప్పుడు రాత్రి.
ఇక్కడ లైటు ఆరదు, ఎవరో ఒకరు చెప్పాలి కదా.

నొప్పా? కాదు.
చలా? కాదు.
పక్కకు తిప్పాలా? కాదు, కాదు.
రెప్పలకూ విసుగొస్తుందని
ఇన్నేళ్ల డ్యూటీలో ఆ రాత్రే చూశాను.

సెలైన్ పెట్టె అట్ట చించి అక్షరాలు రాశాను.
మనకు ఇన్ని అక్షరాలెందుకో
రెప్పలతో మాట్లాడేవాడిని అడగాలి.
గుణింతాలు వదిలేశాను, ఒత్తులు వదిలేశాను,
పెన్ను మొన కదిలించాను.

ఎ దాటి, ఏ దాటి, ఐ దాటి
ఒ మీదికి రాగానే రెప్ప పడింది.
తర్వాత ద.
అంతే. కళ్లు మూసుకున్నాడు.

ఒద్దు.

"ఏమొద్దంట? మందా, మెషీనా?"
కుర్ర డాక్టరు కేసుషీటు వైపు చూశాడు.
నేను నేలవైపు.

తెల్లవారుజామున కఫం లాగుతుంటే తట్టింది,
ఈయన రెప్ప నా పెన్ను కంటే ఎప్పుడూ వెనకే.
చెవి దగ్గర వంగి అడిగాను:
"ఎద్దా?"
ఒక్క రెప్ప. దాని ఎంబడే నీళ్లు.

వరండాలో చెప్పుల పక్కన పడుకున్న తిక్కమ్మను లేపాను.
"ఇంగ ఎద్దు యాడిదమ్మా,
ఆదోనిలో బిల్లు కట్టల్లంటే
ఎమ్మిగనూరు సంతకు తోలితిమి.
ఆయప్పకు చెప్పొద్దు."
ఇది మాత్రం అచ్చంగా ఒద్దే.

తిరిగొచ్చి చేతులు కడుక్కున్నాను, అవసరం లేకున్నా.
"నీళ్లు తాగిందప్పా" అన్నాను.
ఎవరి గాటిపాటనో కట్టేసి ఉంటారు,
ఎవరో ఒకరు తాపే ఉంటారు.

చాలాసేపు నన్నే చూశాడు.
ఆనక అట్టవైపు.

ఈసారి ఒక్కో అక్షరం దగ్గర
మెషీను రెండు ఊపిర్లు తీసేదాకా ఆగాను.
ఎ.
సున్న.
త.

ఎంత?

తిక్కమ్మ ఇప్పుడిప్పుడే కునుకు తీసింది.
మళ్లీ లేపాలి.